సంతకం మారుతోంది

2015 డిసెంబర్‌లో ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో, వికలాంగులను ఇకపై 'దివ్యాంగులు' అని పిలుద్దామని ప్రతిపాదించారు. ఆ తరువాత సంబంధిత కేంద్ర ప్రభుత్వ శాఖ హిందీ పేరు మారింది, పథకాల పేర్లు మారాయి, దరఖాస్తు పత్రాల్లోని మాటలు మారాయి. వికలాంగుల హక్కుల సంఘాలు అనేకం అభ్యంతరం చెప్పాయి. మాలో దైవత్వం వెతకవద్దు, మెట్ల పక్కన వాలుదారి కట్టండి అన్నది వాటి వాదన సారాంశం. ఆ అభ్యంతరం వినబడలేదు. ఒక సమూహానికి పేరు పెట్టేటప్పుడు ఆ సమూహాన్ని అడగాలన్న ఆలోచనే రాలేదంటే, ఆ తరువాత వచ్చే నిర్ణయాల్లో దాని మాటకు ఎంత విలువ ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఈ విషయం మీద ఇంతకాలం నేను విలేఖరిగానే రాశాను. చట్టాలు, తీర్పులు, బడ్జెట్ కేటాయింపులు నా వృత్తికి సంబంధించిన ముడిసరుకు. ఈసారి నా శరీరం గురించి కూడా రాయవలసి వస్తోంది. ఎందుకంటే నేను చూస్తున్న రాజకీయం పార్లమెంటులోనే కాదు, నా ఇంటి గడపలోనూ, బ్యాంకు కౌంటర్ ముందూ, వైద్యుని గదిలోనూ జరుగుతోంది.

నా వ్యాధి పేరు లింబ్ గర్డిల్ మస్కులర్ డిస్ట్రఫీ. జన్యులోపం కారణంగా తుంటి చుట్టూ, భుజాల చుట్టూ ఉండే కండరాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా క్షీణిస్తాయి. ఇందులో ఎన్నో ఉపరకాలు ఉన్నాయి. అధికభాగం రకాలకు వ్యాధి గమనాన్ని ఆపే మందు ఇంకా లేదు. కీళ్లు బిగుసుకుపోకుండా వ్యాయామం, గుండెకూ ఊపిరితిత్తులకూ క్రమం తప్పని పరీక్షలు, పడిపోకుండా జాగ్రత్త, ఇంతవరకే వైద్యం. నాకు 34వ యేట నిర్ధారణ అయింది. ఇప్పుడు 51. మొదట నేల మీద కూర్చుంటే తొడల మీద చేతులు ఊనుకుంటూ లేవవలసి వచ్చింది. తరువాత మెట్లకు పిట్టగోడ కావలసి వచ్చింది, ఆ తరువాత చేతికర్ర, ఐదేళ్ల కిందట చక్రాల కుర్చీ. ఇప్పుడు చేతుల వంతు. గ్లాసు నోటి దాకా తీసుకువెళ్లడానికి మోచేతి కింద బల్ల ఉండాలి.

క్రమంగా ముదిరే వైకల్యానికీ, స్థిరమైన వైకల్యానికీ ఒక భేదం ఉంది. దాన్ని మన చట్టమూ సమాజమూ పట్టించుకోవడం తక్కువ. స్థిరమైన వైకల్యంతో జీవించే మనిషి కష్టపడి ఒకసారి తన జీవితాన్ని అమర్చుకుంటే, ఆ అమరిక కొన్నేళ్లయినా నిలుస్తుంది. నా వంటివారికి అమరిక నిలవదు. ఈ ఏడాది సరిపోయిన మంచం ఎత్తు వచ్చే ఏడాదికి సరిపోదు. ఈ నెల చేయగలిగిన పని ఎప్పటి నుంచి మానుకోవాలో ముందుగా తెలియదు. కనుక ఎంపిక అనేది మాకు ఒక్కసారి జరిగిపోయే ఘటన కాదు. ప్రతి కొత్త నష్టం దగ్గరా అదే ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది: ఇక్కడి నుంచి నిర్ణయించేది ఎవరు?

ప్రాతినిధ్య ప్రజాస్వామ్యంలో ప్రతినిధిని మనం ఎన్నుకుంటాం. శరీరం బలహీనపడినవాడికి మాత్రం ప్రతినిధులు ఎన్నిక లేకుండానే పుట్టుకొస్తారు. చక్రాల కుర్చీలో మొదటిసారి ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లినప్పుడు, వైద్యుడు నా ఊపిరితిత్తుల పరీక్ష ఫలితాలను నా వెనుక నిలబడిన అన్నయ్యకు వివరించాడు. "ఈయన రాత్రిళ్లు నిద్రపోతున్నారా?" అని ఆయననే అడిగాడు. అన్నయ్య ఒక్క క్షణం ఆగి, "వాడు ఇక్కడే ఉన్నాడు కదండీ, వాణ్ణే అడగండి" అన్నాడు. నా కుటుంబంలో నాకు దక్కిన అదృష్టాల్లో ఆ వాక్యం ఒకటి. కుర్చీ ఎక్కిన రోజు నుంచి నా ఎత్తు తగ్గింది. మాట్లాడేవారి చూపు నా తల మీదుగా వెళ్లిపోవడం మొదలైంది. నా బుద్ధికి ఏమీ కాలేదని ప్రతి కొత్త గదిలోనూ మొదట నిరూపించుకున్నాకే అసలు పని మొదలవుతుంది.

ఇంట్లో వేరే రకం ప్రతినిధులు ఉంటారు. వాళ్ల అధికారం ప్రేమ నుంచి వస్తుంది గనుక దాన్ని ఎదిరించడం మరీ కష్టం. మా అమ్మ ప్రతి పండుగకూ అదే మాట చెబుతుంది: "ఢిల్లీలో ఏముంది నాయనా, వచ్చేయి. నేనుండగా నీకేం తక్కువ చేస్తాను?" ఆమె తక్కువ చేయదని నాకు తెలుసు. కానీ కృష్ణా జిల్లాలోని ఆ ఇంట్లో నేను కొడుకుగా ఉంటాను, రోగిగా ఉంటాను. విలేఖరిగా ఉండను. ఇక్కడ కాలుష్యం ఉంది, అద్దె ఎక్కువ, లిఫ్టు వారానికోసారి ఆగిపోతుంది. అయినా ఉదయం పదకొండు గంటలకు ఎవరో ఒక ఎంపీ ఫోన్ చేసి నిన్నటి నా వ్యాసం మీద తగవు పెట్టుకుంటాడు. ఆ తగవు నాకు కావాలి. క్షేమంగా ఉండటమూ, నాకు నచ్చినట్టు ఉండటమూ ఒకటి కానప్పుడు, రెండోదాన్ని ఎంచుకునే హక్కు నడవగలిగినవారికి ఉన్నట్టే నాకూ ఉందన్నది ఈ వ్యాసంలో నా మొదటి వాదన.

ఇది నా సొంత వాదన మాత్రమే కాదు, ఈ దేశపు చట్టం కూడా. 2006 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా 2016లో కొత్త చట్టం వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. మస్కులర్ డిస్ట్రఫీ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి క్రమంగా ముదిరే వ్యాధులు పేరుపేరునా అందులో చేరాయి. అయిదవ సెక్షన్ ప్రకారం, ఫలానా ఏర్పాటులోనే నివసించాలని వికలాంగులను నిర్బంధించకుండా చూసేందుకు ప్రభుత్వం కృషి చేయాలి. 13వ సెక్షన్ ఇతరులతో సమానమైన న్యాయపరమైన సామర్థ్యాన్ని గుర్తించింది. సాయం చేసేవారు అనుచిత ప్రభావం చూపరాదనీ, ఆ వ్యక్తి స్వయంనిర్ణయాన్నీ గౌరవాన్నీ ఆంతరంగికతనూ మన్నించాలనీ చెప్పింది. 14వ సెక్షన్ సంరక్షకుడిని కూడా పరిమితం చేసింది. నిర్ణయాలు సంరక్షకుడు ఒక్కడే కాక, ఆ వ్యక్తితో కలిసి, పరస్పర విశ్వాసంతో తీసుకోవాలంది. కాగితం మీద ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం.

కాగితానికీ కౌంటర్‌కూ మధ్య దూరం గత ఏడాది నాకు తెలిసింది. నా వేళ్లలో పట్టు తగ్గినకొద్దీ నా సంతకం మారుతోంది. ఇరవై ఏళ్ల కిందట తీసుకున్న నమూనాలో చివరి అక్షరం కింద ఒక పొడవాటి గీత ఉంటుంది. ఇప్పుడు ఆ గీత రాదు. నాకు ఖాతా ఉన్న ఒక బ్యాంకులో చెక్కు తిరిగి వచ్చింది. వెళ్లి అడిగితే, "మీ శ్రీమతి గారి పేరు జాయింటుగా పెట్టండి సార్, మీకెందుకీ శ్రమ, ఇక నుంచి ఆవిడే సంతకం చేస్తారు" అని ఎంతో మర్యాదగా సలహా ఇచ్చారు. నేను సంపాదించిన డబ్బు ఖర్చు చేసుకునే అధికారాన్ని మర్యాదగా మరొకరికి బదలాయించమంటున్నారన్నమాట. నా సహచరి వెంటనే, "నాకు వద్దండీ, ఆయన సంతకం ఆయనే పెట్టుకుంటారు" అంది. నిజానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఇందుకు మార్గం ఉంది. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు, అది కూడా సాధ్యం కాకపోతే కాలి బొటనవేలి ముద్ర వేయవచ్చు. ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తిస్తే చాలు. నా విషయంలో కొత్త సంతకం నమూనా తీసుకుంటే సరిపోయేది. రెండు ఉత్తరాలు రాశాక, మూడు వారాలకు తీసుకున్నారు. బహుశా రెండేళ్లకు మళ్లీ మార్చుకోవలసి ఉంటుంది. ఆ సంగతి కూడా ముందుగానే రాసి ఇచ్చాను.

ఇలాంటి అడ్డంకి నా ఒక్కడిదే కాదు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ఒక మహిళ, కెమెరా ముందు కనురెప్పలు ఆర్పలేకపోయినందుకు బ్యాంకు ఖాతా తెరవలేకపోయారు. ఆమె పిటిషన్‌తో పాటు, చూపు లేని ఒక న్యాయవాది పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. కన్ను ఆర్పగలిగినవాడే బతికి ఉన్న మనిషి అని యంత్రానికి నేర్పింది మనుషులే. దాన్ని సరిదిద్దడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చింది.

ఓటు సంగతి చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికీ ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. ఇది మంచి ఏర్పాటు, మంచం దిగలేనివారికి అత్యవసరం కూడా. అయినా నేను ఆ దరఖాస్తు ఇవ్వలేదు. మే 25న ఢిల్లీలో పోలింగ్, ఎండ మాడ్చేస్తోంది. పోలింగ్ కేంద్రంలో వాలుదారి వేశారు గానీ దాని కొసన రెండంగుళాల గట్టు వదిలేశారు. ముగ్గురు అపరిచితులు కుర్చీని ఎత్తి దాటించారు. ఓటు వేసి వచ్చాక ఒక మిత్రుడు అన్నాడు: "ఇంటికే వస్తామంటే ఇంత హైరానా ఎందుకు?" నా సమాధానం ఇది. ఇంటి నుంచి ఓటు వేయడం నాకు అదనంగా దక్కిన మార్గమైతే సంతోషం. బడి మెట్లకు వాలుదారి కట్టకుండా తప్పించుకునే సాకుగా అది మారితే ఒప్పుకోను. వరుసలో మేము కనబడకపోతే, ఆ రెండంగుళాల గట్టు ఎవరికీ కనబడదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే ఈ దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. ఇంతమంది ఇళ్లలోనే ఉండిపోతే ఆ అంకె అంకెగానే మిగులుతుంది.

నిర్ణయాధికారం పూర్తిగా రాజ్యం చేతిలోకి వెళ్లినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవాలంటే జైళ్లను చూడాలి. ఫాదర్ స్టాన్ స్వామి 2020 అక్టోబర్‌లో రాంచీలో అరెస్టయ్యే నాటికి ఎనభై దాటినవారు, పార్కిన్సన్స్ రోగి. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, నీళ్లు తాగడానికి గొట్టం ఉన్న కప్పు కావాలని కోర్టును అడగవలసి వచ్చింది. జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ 20 రోజుల గడువు తీసుకుంది. 2021 జూలై 5న ఆయన నిర్బంధంలోనే, ముంబై ఆసుపత్రిలో మరణించారు. అమలాపురం వాడైన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చిన్ననాటి పోలియోతో చక్రాల కుర్చీకి పరిమితమైనవారు. నాగపూర్ జైలులో ఏళ్ల తరబడి ఉన్నారు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషిగా తేల్చాక బయటికి వచ్చి, అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్‌లో కన్నుమూశారు. వారి రాజకీయాలతో ఎవరికైనా విభేదం ఉండవచ్చు. నీళ్లు ఎలా తాగాలి, మరుగుదొడ్డికి ఎవరి సాయంతో వెళ్లాలి అన్నవి రాజకీయ విభేదాలు కావు. ఉదయం గ్లాసు కింద మోచేతిని ఆన్చుకునే ప్రతిసారీ ఆ 20 రోజులు నాకు గుర్తుకువస్తాయి.

ఈ సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు మరణం దగ్గరికి చేరక తప్పదు. తెలుగువారికి ఈ చర్చ కొత్తది కాదు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడు, డ్యూషెన్ రకం మస్కులర్ డిస్ట్రఫీ చివరి దశలో, తన అవయవాలు చెడిపోకముందే దానం చేసేందుకు అనుమతించమని కోరాడు. అతని తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. చట్టం అనుమతించదని కోర్టు తోసిపుచ్చింది. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. 2022లో వచ్చిన 'సలామ్ వెంకీ' హిందీ చిత్రానికి ఆధారం ఆ జీవితమే. దాన్ని కారుణ్య మరణం కేసుగానే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. చదరంగం ఆడేవాడు చివరి ఎత్తు కూడా తానే వేయాలనుకున్నాడు. తన శరీరం ఇక తనకు ఉపయోగపడనప్పుడు అది ఎవరికి ఉపయోగపడాలో తాను చెప్పాలనుకున్నాడు.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చి, ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించింది. మాట పడిపోయిన రోజున ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ఇప్పుడే రాసిపెట్టుకునే పత్రం అది. దానికి మొదట న్యాయాధికారి ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. ఆచరణలో అది అసాధ్యంగా మారడంతో 2023 జనవరిలో సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. నేను ఆ పత్రం రాశాను. ఇద్దరు సాక్షుల ఎదుట, నా మారిన సంతకంతోనే.

అయితే ఒక హెచ్చరిక కూడా అవసరం. కెనడా 2021లో, మరణం సమీపంలో లేని వికలాంగులకు సైతం వైద్య సహాయంతో మరణించే వీలు కల్పించినప్పుడు, అక్కడి వికలాంగుల సంఘాలే దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాయి. ఇల్లు, సహాయకుడు, ఆదాయం దొరకని మనిషికి చావు మాత్రం సులభంగా దొరికితే దాన్ని ఎంపిక అనలేమన్నది వారి వాదన. మన దేశంలో ఆ వాదనకు మరింత బరువు ఉంది. తీవ్ర వైకల్యం ఉన్న నిరుపేదకు జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం ఇచ్చే పింఛను నెలకు 300 రూపాయలు. 2012 నుంచి అది పెరగలేదు. తెలంగాణలో పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 రూపాయలకు పెంచింది, పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తోంది. ఇది గణనీయమైన మేలు. అదే రాష్ట్రంలో 2025లో పునఃపరిశీలన పేరిట పింఛనుదారులను మళ్లీ వైద్య పరీక్షలకు రమ్మన్నారు. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వ బాధ్యతే కావచ్చు. కానీ ఒకే దిశలో నడిచే వ్యాధి ఉన్నవాణ్ణి, నీకింకా తగ్గలేదా అని ఆసుపత్రికి మోయించుకు రమ్మనడంలో వైద్యశాస్త్రం లేదు.

నా స్వేచ్ఛకు ఒక ధర ఉంది. ఆ ధర చెల్లిస్తున్నది నేనొక్కడినే కాదు. ఉదయం ఆరు గంటలకు నన్ను లేపి, స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టే యువకుడు జార్ఖండ్ నుంచి వచ్చాడు. అతను రాని రోజు నా రాజ్యాంగ హక్కులన్నీ మంచం మీదే ఉంటాయి. అతనికి వారానికి ఒక రోజు సెలవు, పండుగకు ఊరు వెళ్లే వీలు, నడుము నొప్పి వస్తే వైద్యం ఉండాలి. అవి నా దయ మీద ఆధారపడకూడదు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం కల్పించాలని 2016 చట్టం చెప్పింది. దాన్ని నిజంగా అమలు చేస్తే నాకూ అతనికీ ఒకేసారి మేలు జరుగుతుంది. ఒకసారి అతను నన్ను అడిగాడు: "సార్, మీరు ఎప్పుడు నిద్ర లేవాలో మీరు చెబుతారు. నేను ఎప్పుడు లేవాలో ఎవరు చెబుతారు?" నవ్వుతూనే అడిగాడు. మరుసటి వారం నుంచి ఆదివారాలు మా నిద్ర ఎనిమిది గంటల దాకా సాగుతోంది.

పరాధీనతకు విరుగుడు ఒంటరిగా అన్నీ చేసుకోవడం కాదని నాకు ఈ పదిహేడేళ్లు నేర్పాయి. మంత్రి తన ఉపన్యాసం తాను రాసుకోడు, కారు తాను నడపడు. అయినా ఆయన్ను పరాధీనుడని ఎవరూ అనరు, ఎందుకంటే ఆదేశం ఆయనది. బొత్తాలు నేనే పెట్టుకోలేకపోవచ్చు, ఏ చొక్కా వేసుకోవాలో నేను చెప్పగలను. సాయం ఎంత కావాలన్నది శరీరం నిర్ణయిస్తుంది. ఆ సాయం ఎవరి ఇష్టప్రకారం నడవాలన్నది మాత్రం రాజకీయ ప్రశ్న. దాన్ని పార్టీలు తమ ప్రణాళికల్లో పింఛను అంకె దగ్గరే ఆపేస్తున్నాయి. వచ్చే ఎన్నికల్లో మీ నియోజకవర్గ అభ్యర్థి వచ్చినప్పుడు అడగండి: సంరక్షకుల భత్యం ఎంత, ఎప్పటి నుంచి, ఏ బడ్జెట్ పద్దు కింద?

ఈ వ్యాసంలో సగం వేళ్లతో, సగం గొంతుతో రాశాను. ఫోన్‌లోని తెలుగు లిప్యంతరం 'వైకల్యం' అన్నప్పుడల్లా 'వైఫల్యం' అని రాస్తోంది, దిద్దుకుంటూ వచ్చాను. రాత్రిళ్లు ఊపిరికి సాయపడే యంత్రం మొదలుపెట్టాలని గత నెల వైద్యురాలు సూచించారు. ఈసారి నాతోనే మాట్లాడారు, ఎందుకు కావాలో, ఆగితే ఏమవుతుందో బొమ్మ గీసి చెప్పారు, ఆలోచించుకోవడానికి సమయం ఇచ్చారు. ఇంట్లో అందరికీ ఒక్కో అభిప్రాయం ఉంది, అన్నీ విన్నాను. ముసుగు తగిలించుకున్న మొహాన్ని మా అమ్మ వీడియో కాల్‌లో చూస్తే ఏమంటుందన్న సంకోచం కూడా లెక్కలోకి వస్తుంది. వర్షాకాల సమావేశాలు ముగిసేలోగా నిర్ణయం చెబుతానని వైద్యురాలికి రాశాను.